వృద్ధ తారల పవనాలను మన ఊరి నుంచి గమనించగలమా?

ముసలివైన అరుణ తారలు పవనాల రూపంలో, అంటే బయటికి వీచే వాయు ప్రవాహంగా, ద్రవ్యరాశిని కోల్పోతాయని అంటారు, అది మన బోటివారికి తెలిసే మార్గం ఉందా అని మీరు అడిగారు. పవనం కంటికి గాని, చిన్న టెలిస్కోపుకు గాని కనిపించదు. అయితే తార విడిచిన పదార్థం దాని వెలుగునే మరుగుపరచిన సందర్భాన్ని నెల్లూరు జిల్లా ఉదయగిరిలో మా మేడ మీద నుంచి నేను చూశాను.

పవనం ఉన్నదని రుజువైన తీరు నాకు ఎంతో ఇష్టం. 1956లో ఆర్మిన్ డాయిచ్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆల్ఫా హెర్క్యులిస్ అనే అరుణ తారను పరిశీలించారు. దాని వర్ణపటంలో (రంగులుగా విడదీసిన కాంతిలో) కొన్ని సన్నని శోషణ రేఖలు, అంటే వాయువు కాంతిని పీల్చుకున్నచోట పడే నల్లని గీతలు, నీలివైపు జరిగి ఉన్నాయి, అంటే తార ముందున్న చల్లని వాయువు మనవైపు వస్తోంది. అంతమాత్రాన అది తారను విడిచిపోతోందని చెప్పలేము, పైకి లేచి మళ్లీ పడిపోతూ ఉండవచ్చు. పక్కనున్న జంట తార వర్ణపటంలోనూ అవే రేఖలు కనిపించడంతో సందేహం తీరింది: వాయువు అంత దూరం వ్యాపించింది, అక్కడ సెకనుకు 10 కిలోమీటర్ల వేగమే తార ఆకర్షణను దాటడానికి సరిపోతుంది. మన సూర్యుడు పవనం ద్వారా ఏటా కోల్పోయేది తన ద్రవ్యరాశిలో కోటి కోట్ల వంతులకు రెండు మూడు వంతులే. చివరి దశలోని కొన్ని అరుణ తారలు సూర్యుడి ద్రవ్యరాశిలో లక్షవ వంతును ఒక్క ఏడాదిలో వదులుతాయి.

ఇక నేను చూసినది ఆర్ద్రను, అంటే బెటెల్‌గ్యూజ్ అనే అరుణ తారను. మామూలుగా రోహిణి కంటే వెలుగుగా ఉండే ఆ తార 2020 సంక్రాంతి నాటికి రోహిణి ముందు వెలవెలబోయింది, ఫిబ్రవరిలో 1.6 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) దగ్గరకు, అంటే పొరుగునున్న బెల్లాట్రిక్స్ స్థాయికి దిగింది. ఆ ముందటి శరత్కాలంలోనే దాని దక్షిణ భాగం నుంచి దట్టమైన వేడి వాయువు బయటికి రావడాన్ని హబుల్ టెలిస్కోపు నమోదు చేసింది. అది చల్లబడి ధూళిగా మారి కాంతిని అడ్డుకున్నదని, ఉపరితలం కొంత చల్లబడడం కూడా ఇందులో ఉందని శాస్త్రవేత్తల వివరణ.

మీరు మొదలుపెట్టదలిస్తే ఆర్ద్రను దాదాపు అంతే ఎత్తులో ఉన్న తారలతోనే పోల్చండి. మైపాడు వంటి తీరంలో దిగంతం దగ్గర తేమ పొర తారలను మసకబరుస్తుంది కాబట్టి, అవి బాగా పైకి వచ్చేదాకా ఆగడం మంచిది. సుమారు 332 రోజులకొకసారి వెలిగే మీరా తారను కూడా బైనాక్యులర్లతో గమనించవచ్చు. కానీ దాని వెలుగు తగ్గినప్పుడల్లా ధూళి కమ్మిందని అనుకోకండి. తార చల్లబడినప్పుడు దాని వాతావరణంలో పెరిగే టైటానియం ఆక్సైడ్ కంటికి కనిపించే కాంతిని పీల్చుకోవడమే అక్కడ ముఖ్య కారణం.