తెలుగుదేశం కమిటీలు హైదరాబాద్‌లో పుట్టలేదు

"తెలుగుదేశం మొదటి కమిటీలు ఎలా ఏర్పడ్డాయి, పార్టీని అసలు నడిపేదెవరు" అని అడిగారు. 1982 మార్చి 29న హైదరాబాద్ కొత్త ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో రామారావుగారు పార్టీ ప్రకటించారని అందరూ రాస్తారు. నన్నడిగితే ఊళ్లో కమిటీ అంతకు ముందే ఉంది. కాకపోతే అప్పుడు దాన్ని ఎన్టీఆర్ అభిమాన సంఘం అనేవాళ్లు.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. మా బాబాయి ఆ సంఘానికి సెక్రటరీ. సినిమా విడుదలైతే కటౌట్‌కి దండలెయ్యడం, టికెట్ల దగ్గర కొట్లాడటం, ఇదీ పని. పార్టీ పెట్టారని తెలియగానే టైలరు కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, సంఘం రసీదు పుస్తకం మీద పేరు కొట్టేసి "తెలుగుదేశం గ్రామ కమిటీ" అని రాసుకున్నారు. అధ్యక్షుడు ఆ టైలరే. బల్ల ఆయనది మరి! ఊరి మోతుబరులు కాంగ్రెస్సు. వేషాలేసేవాడికి ఓట్లేంట్రా అని నవ్వారు.

రామారావుగారి ప్రచార వ్యాను చైతన్యరథం వస్తుందన్న రోజు సాయంత్రమే వెళ్లి అడ్డరోడ్డులో కూర్చున్నాం. వచ్చేసరికి తెల్లవారుజాము. కొడుకు హరికృష్ణ డ్రైవింగ్, పైన ఖాకీ బట్టల్లో రామారావుగారు. నవ్విన మోతుబరుల ఇళ్లల్లోంచే ఆడవాళ్లు హారతి పళ్లేలతో వచ్చి నిలబడ్డారు. మా బాబాయి మైకు సంగతి మర్చిపోయి వాళ్లనే చూస్తూ, "ఇంక లెక్కపెట్టక్కర్లేదు, గెలిచాం" అన్నాడు. 1983 జనవరిలో 294 సీట్లలో రెండొందలు దాటాయి.

ఇక నాయకత్వం అంటారా, కమిటీలు ఎప్పుడూ నడపలేదు, నడిపింది ఎమ్మెల్యేల లెక్కే. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ముఖ్యమంత్రి కుర్చీలోంచి రామారావుగారిని దించి, ఆయన మంత్రివర్గంలోనే ఉన్న నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి రామారావుగారు మళ్లీ కుర్చీ ఎక్కారంటే ఎమ్మెల్యేలు ఎక్కువమంది ఆయన వెనక నిలబడబట్టే. 1995 ఆగస్టులో ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది రామారావుగారిని వదిలి ఆయన అల్లుడు చంద్రబాబు వైపు వెళ్లారు. సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి ఆయనే. పార్టీ పేరూ, సైకిలు గుర్తూ ఆయన వెంటే వెళ్లాయి. గ్రామ కమిటీల తీర్మానాలతో తేలిన సంగతా అది?

ఇప్పుడైతే పొలిట్‌బ్యూరో, రాష్ట్ర కమిటీ, తెలుగు యువత, తెలుగు మహిళ అన్నీ ఉన్నాయి. 2024లో గెలిచాక రాష్ట్ర అధ్యక్షుడిగా పల్లా శ్రీనివాసరావును వేశారు. బీ-ఫారాలు, అంటే ఎన్నికల్లో పార్టీ టికెట్లు, ఎవరికో తేల్చేది మాత్రం చంద్రబాబే. మిగతా పదవులు చాలావరకు ఫ్లెక్సీ కోసం. ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు లెండి. ఏ పార్టీ కమిటీ వేసినా మర్నాటికి మా సెంటర్లో ముప్ఫై ముఖాలతో ఫ్లెక్సీ లేస్తుంది, మలుపు తిరిగే బస్సు కనపడి చావదు.