డీ, ఎల్ గ్లూకోజులు సమానంగా వస్తున్నాయా? సున్నా నమూనా తీయండి

పర్లాకిమిడి చెల్లెమ్మా, బంగారుతీగ చేప ఎర్రకణాల్లో డీ-గ్లూకోజూ (మామూలు గ్లూకోజు), ఎల్-గ్లూకోజూ (దాని అద్దపు ప్రతిబింబం, వాహకం పట్టనిది) ఒకే లెక్క చూపుతున్నాయన్నావు. చక్కెరను కణంలోకి చేర్చే వాహకం (ప్రోటీన్) లేదని అప్పుడే తేల్చేయకు. కణాల ముద్దలో చిక్కుకున్న ద్రవం కూడా అలాంటి లెక్కే ఇస్తుంది. ఫ్లోరెటిన్ (చక్కెర రవాణాను ఆపే మందు) కలిపిన మంచుచల్లని ద్రవంలో ముందు కణాలు, తర్వాతే చక్కెర వేసి సున్నా నమూనా (చక్కెర లోపలికి వెళ్ళనప్పటి లెక్క) తియ్యి. మిగతా అన్నిటిలోంచీ దాన్ని తీసివెయ్యి.

చేప ఎర్రకణానికి కేంద్రకం, మైటోకాండ్రియా ఉంటాయి, గ్లూకోజును వాడేసుకుంటుంది. అందుకే వాహకం మోసినా కణం వాడుకోలేని 3-ఓ-మిథైల్ గ్లూకోజు మేలు. ఎర్రకణాల మీది తెల్లకణాల పొర తీసేసి, చల్లటి సెలైన్‌తో 3 సార్లు కడుగు. పైద్రవం గులాబీరంగు తేలితే కణాలు పగిలినట్టే, పారబోసెయ్. వేసవిలో గది వేడిని నమ్మకు, నీటితొట్టిలో 20 డిగ్రీల దగ్గర నిలుపు.

గ్లూకోజు వాహకాన్ని అడ్డుకునే మందు సైటోకలాసిన్-బీ 10 మైక్రోమోలార్ వేస్తే, మందు వేయని కంట్రోల్‌లోనూ అంతే డీఎంఎస్‌ఓ (మందును కరిగించే ద్రావణి) పడాలి. ఈల్ ఎర్రకణాల్లో ఆ మందుకు ఆగే రవాణా ఉంది, రెయిన్‌బో ట్రౌట్‌లో దాదాపు లేదు. ఒక చేప ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టకు.