ఇసుక మీదికెక్కే ఓడ

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో రేవు లేని చోట కూడా ట్యాంకులను దించే ఓడలు ఉండేవట. అవి ఇసుకలో ఇరుక్కుపోవా? ఒక్కటైనా మిగిలిందా? (ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్)

జవాబు: ఇరుక్కోకుండా చూడటంలోనే ఉంది తెలివంతా. 328 అడుగుల ఈ ఓడ, నడి సముద్రంలో నిలకడ కోసం అడుగున ఉన్న తొట్లలో నీళ్లు నింపుకునేది, తీరం దగ్గరికొచ్చాక ఆ నీళ్లు తోడేసి తేలికై ముందుభాగాన్ని ఇసుక మీదికి ఎక్కించేది, అక్కడ తలుపులు తెరుచుకుంటే ట్యాంకులు దిగిపోయేవి. మరి వెనక్కెలా? ఒడ్డుకొచ్చే ముందే వెనకవైపు ఒక లంగరు వేసి, తర్వాత దాని తాడు చుట్టుకుంటూ నీళ్లలోకి జారేది.

మిగిలిన వాటిలో నాకు బాగా నచ్చింది ఎల్ఎస్‌టీ-325 (ఎల్ఎస్‌టీ అంటే ‘ల్యాండింగ్ షిప్, ట్యాంక్’, ఈ రకం ఓడల పేరు). 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో పనిచేసింది, 1964లో గ్రీసుకు వెళ్లింది. 2000లో, సగటున 72 ఏళ్లున్న మాజీ నావికులు ఆ పాత ఓడను బాగుచేసుకుని, తామే నడుపుకుంటూ అట్లాంటిక్ దాటించి 2001 జనవరిలో అమెరికా చేర్చారు! ఆ వయసులో ఆ ధైర్యం తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఇప్పుడది అమెరికాలోని ఇవాన్స్‌విల్‌లో ఉంది. మన హైదరాబాద్‌లాగే సముద్రం లేని ఆ నది ఒడ్డు ఊళ్లో యుద్ధకాలంలో ఇలాంటి ఓడలు 167 కట్టారు.