తెగిన నాడికీ తేదీలుంటాయి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

అమ్మాయికి ఆశీస్సులు.

నాడుల గాయాల మీద నీ వ్యాసం అందింది, చదివాను. రాత బాగుంది, ఆ మాట మళ్లీ చెప్పను. ఈ ఉత్తరం రాయించింది మాత్రం మూడో పేజీలోని ఒక్క వాక్యం. "గాయం కాగానే మైక్రోగ్లియా అనే సైనికులు నిద్రలేచి, అదుపు తప్పి, సొంత నాడుల్నే శత్రువులనుకుని తినేస్తాయి" అన్నావు. అమ్మా, నీ కథలో మనిషికి తెగింది మణికట్టు. మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు ఉండేది మెదడులోనూ వెన్నుపాములోనూ. మణికట్టు నాడిలో ఉండేవి నాడి పోగుల్ని చుట్టుకుని ఉండే ష్వాన్ కణాలు, చెత్త తినే కొద్దిపాటి మాక్రోఫేజ్‌లు. నీ సైనికులు తాము లేని ఊళ్లో యుద్ధం చేసేశారు.

నిద్రలేవడం కూడా అబద్ధమే. 2005లో బతికున్న చిట్టెలుక మెదడును టూ-ఫోటాన్ మైక్రోస్కోపుతో చూస్తే, ఏ గాయమూ లేకుండానే మైక్రోగ్లియా కొమ్మలు చాచుకుంటూ ముడుచుకుంటూ కనబడ్డాయి. లేజర్‌తో చుక్కంత చోట కాల్చగానే చుట్టుపక్కల కణాల కొమ్మలు అరగంటలోపే అక్కడికి చేరి కంచె కట్టాయి. కణదేహాలు ఉన్నచోటనే ఉన్నాయి, కొమ్మలే వెళ్లాయి. పగిలిన కణాల్లోంచి కారిన ఏటీపీ అనే శక్తి అణువును పీ2వై12 అనే గ్రాహకం పసిగట్టినందువల్ల జరిగే పని అది.

నేను పట్టుబట్టేది ఒక్కదానికే. ఏ అణువు పేరు రాసినా అది ఏ కణంలో, ఏ చోట, గాయమైన ఎంతసేపటికి పని చేసిందో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పేరు కొట్టెయ్. శత్రువు, రక్షకుడు, మంచి కణం, చెడ్డ కణం అని రాయబుద్ధేసిన ప్రతిచోటా గంటో రోజో వేసి చూడు, ఆ విశేషణం అవసరం ఉండదు.

నీ రెండో పేజీలో ఆ సంగతి నీకే తెలుసు. చేపల రేవులో కత్తిపీట జారి మణికట్టు దగ్గర, చిటికెన వేలికి పోయే అల్నార్ నాడి తెగిన ఆవిడ. నాడి కుట్టాక డాక్టరు చిటికెన వేలి కొస నుంచి మొదలుపెట్టి గాయం వైపుగా వేలితో తట్టుకుంటూ రావడం. ఒకచోట ఆవిడ "జిల్లుమంది బాబూ" అనడం. అక్కడ పెన్నుతో చుక్క పెట్టడం. వచ్చే నెల ఆ చుక్క వేళ్ల వైపు జరగడం. అక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఊరుకున్నాను. 1915లో ఫ్రెంచి నాడీ వైద్యుడు టినెల్ రాసిన పరీక్ష అది. వ్యాసమంతా ఆ చుక్కలోనే ఉంది. నువ్వేమో నాలుగు వాక్యాల్లో ముగించి యుద్ధంలోకి పరిగెత్తావు.

ఆ చుక్క ఎందుకు జరిగిందో చెప్పు, చాలు. నాడి తెగిన క్షణాన అవతలి ముక్క చావదు. మూడో రోజున తెగినచోటికి కింద కరెంటు పెడితే కండరం ఇంకా కదులుతుంది. ఆ రోజు నాడీ పరీక్ష చేసి "బాగానే ఉంది" అనుకునే వాళ్లు మోసపోయేది ఇక్కడే. మనుషుల్లో కండరం స్పందన పోవడానికి దాదాపు వారం, స్పర్శ నాడి స్పందన పోవడానికి సుమారు పది రోజులు పడుతుంది. సూది పరీక్షలో కండరం తనంతట తాను అదరడం కనబడాలంటే రెండు మూడు వారాలు ఆగాలి.

ఎందుకు ఆలస్యం? నరకణదేహంలో తయారై, ఆక్సాన్ అనే దాని పొడవాటి పోగు వెంబడి కిందికి వచ్చే ఎన్‌మ్నాట్2 అనే ఎంజైము కొన్ని గంటలకు మించి నిలవదు. దారి తెగితే సరఫరా ఆగుతుంది. ఆ ఎంజైము ఎన్‌ఏడీగా, అంటే కణం శక్తి తయారీకి కావలసిన అణువుగా, మార్చాల్సిన ఎన్‌ఎంఎన్ అనే ముడిసరుకు పేరుకుంటుంది, ఎన్‌ఏడీ తగ్గుతుంది. ఆ రెండింటి నిష్పత్తి మారగానే సార్మ్1 అనే మరో ఎంజైము మేల్కొని మిగిలిన ఎన్‌ఏడీని తానే కోసేస్తుంది. ఆపై ఏటీపీ అడుగంటుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, ప్రోటీన్లను కోసే ఎంజైములైన కాల్పెయిన్‌లు లోపలి పోగుల్ని తుంచుతాయి. చిట్టెలుకలో ఇదంతా ఒకటిన్నర, రెండు రోజుల పని. ఆక్సాన్ కుళ్లిపోదు, తనను తాను కోసుకుంటుంది. 1850లో ఇంగ్లీషు శాస్త్రవేత్త వాలర్ కప్ప నాలుక నాడుల్లో చూసిన క్షీణతకు ఈ మీట సార్మ్1 అని తేలింది 2012లో.

ఇప్పుడు ష్వాన్ కణం. ఒకటి రెండు రోజుల్లోనే మైలిన్ (ఆక్సాన్ చుట్టూ ఉండే కొవ్వు పొర) తయారీకి మూలమైన క్రాక్స్20 అనే ప్రోటీన్‌ను తగ్గించి, మరమ్మతును నడిపే సీ-జూన్‌ను పెంచుతుంది. తను చుట్టిన మైలిన్‌ను తానే ముక్కలుచేసి, కణం తన సరుకును తానే జీర్ణించుకునే ఆటోఫేజీతో కరిగించుకుంటుంది. మొదటి వారంలో తొలగే మైలిన్‌లో పెద్ద వాటా దానిదే. సీసీఎల్2 అనే సంకేత ప్రోటీన్ వదిలి రక్తంలోంచి మాక్రోఫేజ్‌లను పిలుస్తుంది, అవి మూడో రోజు నుంచి గుంపుగా దిగుతాయి. తర్వాత ష్వాన్ కణాలు సన్నగా సాగి, పాత గొట్టం లోపల వరుసకట్టి, జీడీఎన్‌ఎఫ్, బీడీఎన్‌ఎఫ్ లాంటి పెరుగుదల ప్రోటీన్లు వదులుతూ దారి పరుస్తాయి. ఆ వరుసలే బ్యుంగ్నర్ పట్టీలు. కొత్త ఆక్సాన్ వాటిని పట్టుకుని రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు నడుస్తుంది. డాక్టరు తట్టినప్పుడు జిల్లుమన్నది ఇంకా మైలిన్ పడని ఆ కొసే.

లెక్క నువ్వే వెయ్యి. మణికట్టు ముడత నుంచి చిటికెన వేలి కొస దాకా సుమారు 15 సెంటీమీటర్లు, అంటే 150 రోజులు. కుట్టుచోటు దాటడానికి పట్టే వారాలు అదనం. అదే నాడి మోచేతికి పైన తెగితే అరచేతి కండరాల దాకా 40 సెంటీమీటర్లు, 400 రోజులు. అసలు చిక్కు అక్కడుంది. ఆక్సాన్ రాక ఖాళీగా కూర్చున్న ష్వాన్ కణాల్లో నెలలు గడిచేకొద్దీ సీ-జూన్ తగ్గి, దారి చెదురుతుంది. కండరం కూడా ఏడాది, ఏడాదిన్నర దాటితే తిరిగి పట్టు అందుకోదు. "నాడులు మళ్లీ మొలుస్తాయి" అన్న నీ శీర్షిక కింద ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టు. రెండో లెక్క లేకపోతే పాఠకుడికి ఆశ తప్ప ఏమీ దక్కదు.

మైక్రోగ్లియా నీకు నిజంగా కావాలంటే వెన్నుపాముకు వెళ్లు. అంచె స్పష్టంగా ఉంది. గాయపడిన స్పర్శ నరకణం సీఎస్‌ఎఫ్1 అనే ప్రోటీన్ తయారుచేసి వెన్నుపాము వెనుక కొమ్ములో వదులుతుంది. రెండు మూడు రోజుల్లో అక్కడి మైక్రోగ్లియా సంఖ్య పెరుగుతుంది. వాటి మీద పీ2ఎక్స్4 అనే ఏటీపీ గ్రాహకం పెరుగుతుంది, ఏటీపీ తగిలితే పీ38 అనే ఎంజైము ద్వారా బీడీఎన్‌ఎఫ్ విడుదలవుతుంది. ఆ బీడీఎన్‌ఎఫ్ నొప్పిని పైకి పంపే నరకణంలో క్లోరైడ్‌ను బయటికి మోసే కేసీసీ2 అనే రవాణా ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. క్లోరైడ్ లోపల పేరుకున్నాక నరకణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ఆ కణాన్ని ఆపలేదు. అప్పుడు చీర కొంగు తగిలినా నొప్పే. పీ2ఎక్స్4, బీడీఎన్‌ఎఫ్, కేసీసీ2 సంగతులు 2003లో, 2005లో ఎలుకల్లో తేల్చినవి, సీఎస్‌ఎఫ్1 సంగతి 2016లో చిట్టెలుకల్లో. 2015లో మగ చిట్టెలుకలు ఈ దారిలో పోతుంటే ఆడ చిట్టెలుకల్లో టీ కణాలు ఆ పని చేస్తున్నట్టు కనబడింది. నీ కథలో ఉన్నది ఆడమనిషి. ఈ ముక్క రాయకుండా ఎలా వదిలేశావు?

వాపు రేపే ఐఎల్-1 బీటా అనే ప్రోటీన్ గురించి "వెంటనే విడుదలవుతుంది" అన్నావు. కాదు, రెండు మెట్లు. టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం, ఎన్ఎఫ్-కప్పాబీ అనే జన్యు మీట దారిలో ముందు 31 కిలోడాల్టన్ల ముడి రూపం తయారవుతుంది. తర్వాత ఏటీపీ కణం పొర మీది పీ2ఎక్స్7 ద్వారాన్ని తెరిచి పొటాషియం బయటికి పోతేనే ఎన్ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ల గుంపు కూడి, కాస్పేస్-1 అనే ఎంజైము దాన్ని 17కు కోస్తుంది. ల్యాబ్‌లో ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పొర ముక్క) ఒక్కటే మూడు నాలుగు గంటలు పెట్టి, ద్రవంలో ఏమీ లేదని నెత్తి పట్టుకునే పిల్లలున్నారు. దాని మీద సుమారు 5 మిల్లీమోలార్ ఏటీపీ అరగంట పెట్టాలి.

మెదడు, వెన్నుపాముల్లో నరకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లకు "ఏ1 చెడ్డవి, ఏ2 మంచివి" అని పట్టిక వేశావు. తీసెయ్. 2017లో ఐఎల్-1 ఆల్ఫా, టీఎన్ఎఫ్, సీ1క్యూ అనే మూడు ప్రోటీన్లు కలిస్తే నరకణాలకు హాని చేసే ఆస్ట్రోసైట్లు వస్తాయని చూపించింది గట్టి పనే. అయితే ఆ రెండు గదుల్లోనే అన్నిటినీ కుక్కవద్దని ఆ రంగం వాళ్లే 2021లో కలిసి రాశారు. గాయపు మచ్చ ఆక్సాన్లకు అడ్డుగోడ అన్నదీ అంతే: 2016లో చిట్టెలుక వెన్నుపాములో ఆస్ట్రోసైట్ మచ్చ ఏర్పడకుండా చేస్తే ఆక్సాన్లు పెరగకపోగా ఇంకా వెనక్కి పోయాయి.

ఇవన్నీ ఉంటే పత్రికవాళ్లు వేయరంటావా? వేయరు, నిజమే. అంకెలు కోసి, "మెదడులో సైన్యం" అని శీర్షిక పెట్టి, చివర బాక్సులో పసుపు, చేపలు, ధ్యానం అని ఐదు చిట్కాలు అంటిస్తారు. గ్లియా, అంటే మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్ల లాంటి కణాలు, నరకణాల కంటే పదిరెట్లని అచ్చువేస్తూనే ఉంటారు. 2009లో లెక్కపెడితే మనిషి మెదడులో నరకణాలు సుమారు 8,600 కోట్లు, మిగతా కణాలన్నీ కలిపి దాదాపు అంతే అని తేలినా వాళ్లకు పట్టదు. వాళ్ల బాక్సు కోసం నువ్వు ముందే చిట్కాలు రాసి పంపావు చూడు, దానికి కోపమొచ్చింది నాకు. ఆ పేజీ చింపేశాను.

దాని బదులు కుష్ఠు గురించి ఒక పేజీ రాయి. ఆ సూక్ష్మజీవి ష్వాన్ కణంలోనే కాపురం పెడుతుంది, పొర మీది లామినిన్-2ను పట్టుకుని లోపలికి పోతుంది. ఒంటి వేడి కంటే చల్లటి చోటు దానికి నచ్చుతుంది, అందుకే చర్మానికి దగ్గరగా పోయే నాడులు పాడవుతాయి. మోచేతి వెనక అల్నార్ నాడి తాడులా చేతికి తగులుతుంది. మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ తారసపడే సంగతి ఇది, నీ వ్యాసంలో లేదు.

పుస్తకం ఎవరు వేస్తారు, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత.

బొమ్మల కింద ఏ జంతువు, గాయమైన ఎన్నో రోజు, ఏ రంగు ఏ ప్రోటీన్, కొలత గీత ఎంత అన్నది రాయి. మూడో బొమ్మలో ఐబీఏ1 అనే ప్రోటీన్ రంగు ఒక్కటే వేసి మైక్రోగ్లియా అన్నావు. రక్తంలోంచి వచ్చిన మాక్రోఫేజ్‌లకూ ఆ రంగు పడుతుంది. మైక్రోగ్లియాను వేరుగా గుర్తించే టీమెమ్119 కూడా వేసిన బొమ్మ దొరికితే పెట్టు, లేకుంటే దాన్ని తీసేసి ఆ స్థలం చేపల రేవు ఆవిడకివ్వు.

ఉంటాను,
మాస్టారు