వెల్డింగ్ నేర్చుకుంటున్న అబ్బాయిని గల్ఫ్ పంపాలా, ఐటీఐలో చేర్చాలా?

ప్రశ్న: మాది బరంపురం, గోపాలపూర్ వెళ్లే దారిలో ఉంటాం. మా అబ్బాయి ప్లస్ టూ సైన్స్ పాసయ్యాడు. మా మామగారి పాత జీపు ఛాసీ (అడుగు చట్రం) తుప్పు పట్టిపోయింది. దాన్ని తనే బాగు చేస్తానని దగ్గర్లోని షెడ్డుకి వెళ్లి వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు. చుట్టాలొస్తే జీపు మీద టార్పాలిన్ కప్పమంటున్నాను. రెండు నెలల 6జీ (పైపు వెల్డింగ్ పరీక్ష) కోర్సు చేయించి గల్ఫ్ పంపేద్దామని మా తమ్ముడి సలహా. ఐటీఐ, 6జీ రెండిట్లో ఏది మంచిది? వీడి గురించి తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీరడిగింది కోర్సుల గురించే. కానీ మీ టెన్షన్ అది కాదు. సైన్స్ చదివిన పిల్లాడు చేతులకి మసి పూసుకుని తిరుగుతుంటే నలుగురూ ఏమనుకుంటారోనని మీ బాధ. రాయగడ నుంచీ, పర్లాకిమిడి నుంచీ కూడా తల్లిదండ్రులు నన్ను ఇదే అడుగుతుంటారు. ముందు ఆ టార్పాలిన్ తీసేయండి. చుట్టాలు ఒక పూట ఉండి వెళ్లిపోతారు. వాళ్ల కోసం వాడి పనిని దాచమంటే, నువ్వు చేసేది సిగ్గుపడే పని అని కన్నతల్లే వాడికి చెప్పినట్టవుతుంది. ఇలా చేయడం తప్పు, మానేయండి.

వాడు ఏం నేర్చుకుంటున్నాడో ఒకసారి దగ్గర కూర్చుని చూశారా? ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తుప్పు ఛాసీని లోపలి నుంచి తినేస్తుంది. పెట్టెలా మూసుకుని ఉన్న భాగంలో మట్టీ తడీ నిలిచిపోతాయి, పైన పెయింట్ మాత్రం బాగానే కనిపిస్తుంది. సుత్తితో కొట్టి చూడాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట మొద్దుగా మోగుతుంది. ఆ తుప్పు మీదే ప్లేటు అతికిస్తే ఇవాళ నిలిచినా రేపు పక్కనే చిరుగుతుంది. గట్టి ఇనుము తగిలేదాకా కోసేసి, అదే మందం ప్లేటు పెట్టి, ముందు టాకాలు (అక్కడక్కడ చిన్న అతుకులు) వేసుకుని, కొంచెం కొంచెంగా చల్లారనిస్తూ అతకాలి. ఒకే బిగిన లాగేస్తే వేడికి ఛాసీ వంకర తిరుగుతుంది. ఎక్కడిదాకా కొయ్యాలో తేల్చుకోవడమే ఈ పనిలో అసలు చదువు. అది వాడికి ఇంటి ముందే దొరుకుతోంది.

అలాగని అంతా వాడి చేతుల్లో పెట్టేయకండి. స్టీరింగ్ బాక్సు, కమాన్ కట్టలు బిగించే చోట్ల అనుభవమున్న మేస్త్రీ చెయ్యే పడాలి. వాడు ముందు పాత ఇనుప ముక్కల మీద, తర్వాత బ్యాటరీ ట్రే లాంటి వాటి మీద చెయ్యి తిప్పుకోవాలి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైర్లు విప్పాలి, డీజిల్ ట్యాంకు దించేయాలి. ఛాసీ నంబరు కొట్టి ఉన్న చోట గ్రైండర్ తగలనివ్వకూడదు. 15 ఏళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే ఆ నంబరు చూస్తారు.

ఇక మీ తమ్ముడు చెప్పిన 6జీ. 45 డిగ్రీల వాలులో బిగించిన పైపుని కదపకుండా, చుట్టూ తానే తిరుగుతూ అతకాలి. కింద నుంచీ, పక్క నుంచీ, తలపైకీ అన్ని రకాలుగా చెయ్యి తిరగాలి. చాలా కష్టమైన పరీక్ష అది, ఆ పరీక్షంటే నాకు గౌరవం. నా అనుమానమంతా ఆ రెండు నెలల మీదే. రాడ్ పట్టుకోవడమే కొత్తయిన పిల్లాడికి ఒకే సైజు పైపు మీద బట్టీ పట్టించి గట్టెక్కించే చోట్లున్నాయి. తీరా సైట్‌కి వెళ్లాక కంపెనీ మళ్లీ టెస్టు పెడుతుంది, అతుకుని ఎక్స్‌రే తీయిస్తుంది. పైగా ఇది డిగ్రీలా జన్మంతా ఉండేది కాదు. పైపుల పనుల్లో పాటించే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంస్థ) కోడ్ ప్రకారం, ఆ పద్ధతిలో 6 నెలలు వెల్డింగ్ చేయకపోతే అర్హత పోతుంది. చెయ్యి కుదరని పిల్లాడు ఆ కాగితం పట్టుకుని పరాయి దేశంలో ఏం చేస్తాడు? ఇంకో సంగతి. విదేశీ ఉద్యోగానికి రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగినా, విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు లేకపోయినా అక్కడితో ఆపేయండి. బంగారం కుదువ పెట్టి మరీ ఇలాంటి వాళ్ల చేతిలో డబ్బు పోయకండి.

ఐటీఐ వెల్డర్ ట్రేడ్ ఒక్క ఏడాదే. మీ ఊళ్లోనే ప్రభుత్వ ఐటీఐ ఉంది, ఒడిశాలో అడ్మిషన్లు ప్రభుత్వ వెబ్‌సైటైన శామ్స్ పోర్టల్‌లో జరుగుతాయి. ఆ తర్వాత అప్రెంటిస్‌గా చేరాలి. విశాఖ షిప్‌యార్డు రైల్లో ఒక పూట ప్రయాణం. వాడికి తెలుగూ ఒడియా రెండూ వచ్చు కాబట్టి అటైనా ఇటైనా ఇబ్బంది లేదు. 6జీకి అప్పుడు వెళ్లనివ్వండి. అందుకే నా ఓటు ఐటీఐకి.

మీ వాడి చదువు వృథా అయిపోయిందని మాత్రం అనుకోకండి. ప్లస్ టూ సైన్స్ చదివినవాళ్లకి డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరే దారి ఉంది. వచ్చే ఏడాది మనసు మారితే మెకానికల్ డిప్లొమాకి వెళ్లొచ్చు. ఇంటి బండిని తనే నిలబెట్టాలనుకున్న పిల్లాడు దారి తప్పినవాడు కాదమ్మా. నిద్ర పాడుచేసుకోకండి.

వాడు ఇప్పుడు ఏ అద్దం పెట్టుకుని వెల్డింగ్ చేస్తున్నాడో ఒకసారి చూడండి. మామూలు నల్ల కళ్లజోడు పనికిరాదు. ఆ వెలుగు నేరుగా పడితే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. 10 లేదా 11 నంబరు షేడ్ ఉన్న హెల్మెట్, తోలు గ్లవ్స్, మందపాటి కాటన్ చొక్కా ఈ వారమే కొనిపెట్టండి.