అద్దె ఇంటికి అట్ట ఫర్నిచర్ నిలుస్తుందా? మూడున్నరేళ్లు వాడినవాళ్లుగా మా అనుభవం

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో అద్దెకుంటున్నారు, రెండేళ్లలో మూడు ఇళ్లు మారారు, ప్రతిసారీ సామాను మోతకే బోలెడు ఖర్చవుతోంది. అట్టతో చేసిన మంచం, అల్మారా లాంటివి కొంటే నిలుస్తాయా, పర్యావరణానికి నిజంగా మంచివేనా అని.

నిలుస్తాయి. కానీ ఏ ఊళ్లో, ఏ గదిలో అన్నది ముందు తేల్చుకోవాలి. మేం హైదరాబాద్ నిజాంపేటలో రెండున్నరేళ్లు, తర్వాత విశాఖలో ఏడాది ఇవే వాడాం. రెండు చోట్లా ఒకేలా లేదు.

మొదట కొన్నది మంచం. మాది లిఫ్టు లేని మూడో అంతస్తు. పాత ఇంట్లోంచి దించేటప్పుడే మా దివాన్ కాలు విరిగింది, ఇంకో బరువైనది కొనే ఓపిక లేకపోయింది. అట్టమంచం రెండు కట్టలుగా వచ్చింది. మా ఆయన చేతికొకటి పట్టుకుని మెట్లెక్కేశారు. హార్మోనియం తిత్తిలా లాగితే విచ్చుకుంటుంది, పైన పలక వేసి పరుపు పరిస్తే అయిపోయింది.

ఊరి నుంచి వచ్చిన మా మామయ్యగారు దాన్ని చూసి "అట్టపెట్టె మీద పడుకోబెడతావేంటమ్మా నన్ను?" అన్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆటగాళ్లకి ఇచ్చినవి ఇలాంటివేనని, 200 కిలోలు మోస్తాయని చెప్పాను. ఐర్లాండ్ జిమ్నాస్ట్ ఒకతను దాని మీద గెంతుతూ తీసిన వీడియో కూడా చూపించాను. అంతా చూసి "వాడు గెంతుతున్నాడు గానీ పడుకోలేదుగా" అని చాప వేయించుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం గదిలోకి తొంగి చూస్తే ఆ మంచం మీదే గురక పెడుతున్నారు.

అసలు బరువు దానికి సమస్యే కాదు. ఒక అట్టముక్క కోసి అంచు చూడండి. రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం కనిపిస్తుంది. ఆ అలలు నిలువుగా నిలబడేలా పెడితే బరువు నేరుగా నేలకి దిగుతుంది. పక్కకి తిప్పితే అదే అట్ట చతికిలబడుతుంది. ఈ ముక్క తెలియకుండానే నేను పాత ఫ్రిజ్ పెట్టె కోసి పుస్తకాల అర చేశాను. మూడడుగుల పొడవు, మధ్యలో ఆనుడు లేదు, పైగా అలలు అడ్డంగా వచ్చేలా కోశాను. నెల తిరక్కుండానే ఉయ్యాలలా వంగింది. రెండోసారి అడుగుకొక నిలువు పలక పెట్టాను. అరలకి రెండు అట్టలు తీసుకుని, ఒకదాని అలలు పొడుగునా, రెండోదానివి అడ్డంగా వచ్చేలా ఫెవికాల్‌తో అతికించి, రాత్రంతా పైన బియ్యం డబ్బాలు బరువు పెట్టాను. ఆ అర ఇల్లు మారినప్పుడు కూడా మాతో వచ్చింది.

సొంతంగా చేసుకునేట్టయితే ఆన్‌లైన్ ఆర్డర్లు వచ్చే మూడు ప్లై (అంటే మూడు కాగితపు పొరల) డబ్బాలు దేనికీ పనికిరావు, ఐదు లేదా ఏడు ప్లై కావాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పెట్టెలు అడిగితే షాపువాళ్లు ఇస్తారు. కొత్త షీట్లు కావాలంటే జీడిమెట్ల వైపు అట్టపెట్టెలు చేసే యూనిట్లున్నాయి, నేను అక్కడే తెచ్చుకున్నాను. ఇంకోటి, బట్టల షాపుల్లో థాన్లు చుట్టే గొట్టాలు పారేస్తుంటారు. స్టూలు కాళ్లకి అంతకన్నా గట్టివి దొరకవు. జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ అలాంటి కాగితపు గొట్టాలతోనే 2001 భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లో ఇళ్లు కట్టారు. మనకి కావాల్సింది ఒక స్టూలే కదా.

ఇక అసలు శత్రువు తడి. మనం రోజూ ఇల్లు తుడుస్తాం. తడిగుడ్డ ఎప్పుడూ మంచం అంచుకి తగులుతూనే ఉంటుంది. మూడు నెలలకి మా మంచం అడుగున రెండంగుళాల మేర రంగు మారి, వేలితో నొక్కితే తడిసిన రస్కులా లోపలికి పోయింది. పాడైనంత మేర చుట్టూ సమంగా కోసేసి, కింద మిగిలిపోయిన టైల్స్ ముక్కలు పెట్టాం. రెండంగుళాలు పొట్టిదైన మంచం రెండేళ్లు బాగానే మోసింది. మీరైతే మొదటి రోజే టైల్సో, చెక్క పట్టీలో పెట్టేయండి.

విశాఖ వెళ్లాక మాత్రం చేతులెత్తేశాం. నీళ్లు పడనక్కర్లేదు, గాలిలో తేమ చాలు. వానాకాలంలో షూ ర్యాక్ తలుపు ఒక పక్కకి వాలింది, అర వెనకాల బూజు పట్టింది. కాగితం గాల్లోని తేమ పీల్చుకుంటే అట్టలో బిగువు పోతుంది, ఎంత మంచి అట్ట అయినా అంతే. పైన వార్నిష్ కొట్టాను గానీ కోసిన అంచులకి కొట్టడం మర్చిపోయాను. తేమ దూరేది అక్కడి నుంచే. కోస్తా ఊళ్లో ఉండేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నా సలహా వద్దనే.

పురుగుల సంగతి ఎవరూ చెప్పరు. అట్టలో పొరలు అతికించేది ఎక్కువగా స్టార్చ్ జిగురుతో, అంటే మనం చీరలకి పెట్టే గంజి లాంటిదే. బొద్దింకలకి అది విందు, పైగా దాక్కోవడానికి సందులు. గోడకి చెద ఉన్న ఇంట్లోకి అసలు తీసుకెళ్లొద్దు. మా అమ్మమ్మ పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, చిల్లులు పడ్డ చాటలకి పూసేది. మెంతుల చేదుకి పురుగు రాదనేది. నేనూ మెంతులు రుబ్బి అర వెనకాల పూద్దామనుకున్నాను, మా ఆయన ఇల్లంతా ఊరగాయ వాసనొస్తుందని ఒప్పుకోలేదు. అంచులకి టేపు వేసి, నెలకోసారి జరిపి ఊడ్చేవాళ్లం.

వంటింట్లోకి, దేవుడి దగ్గరికి వద్దే వద్దు. ఒకసారి అగరుబత్తి నుసి రాలి స్టూలు మీద నాణెమంత నల్లటి మచ్చ పడింది. అప్పుడు పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది.

పర్యావరణం మాటకొస్తే, పార్టికల్ బోర్డుతో పోలిస్తే మేలే. అది ఫార్మాల్డిహైడ్ ఉన్న జిగురుతో చేస్తారు, నీళ్లు తగిలితే అదీ ఉబ్బుతుంది, పాడయ్యాక ఎవరూ కొనరు. అట్టని పాత పేపర్లవాడు తూకానికి కొంటాడు, అది గుజ్జయి మళ్లీ అట్టవుతుంది. అలాగని ఏడాదికోసారి కొత్తది కొంటూ నేను పర్యావరణాన్ని కాపాడుతున్నానంటే నమ్మను. అమ్మమ్మగారి టేకు మంచం అరవై ఏళ్లుగా ఊళ్లో ఉంది, దాని ముందు మా అట్టమంచం ఏపాటిది? పైన నిగనిగలాడే ప్లాస్టిక్ పొర వేసిన రకాలు కూడా ఉన్నాయి, వాటిని మా పాతసామాన్లాయన ముట్టుకోనన్నాడు.

మీది హైదరాబాదే, తరచూ ఇళ్లు మారతారు కాబట్టి మంచం, పుస్తకాల అర, లాప్‌టాప్ బల్ల తీసుకోవచ్చు. డైనింగ్ టేబుల్ జోలికి పోవద్దు, ఒక్క గ్లాసు సాంబారు ఒలికితే చాలు. కొనేముందు అమ్మేవాళ్లని ఎన్ని ప్లై అని, పైన ప్లాస్టిక్ పొర ఉందా అని అడగండి. నేను అడిగిన ఒక షాపతను "ఇంపోర్టెడ్ మేడమ్" అన్నాడు. ఇంకో షాపు చూసుకున్నాను.