చందా డబ్బా లాక్కుని కొట్టారు, కేసు కట్టరట!

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెలంగాణలో ఓ మండల కేంద్రం. పార్టీ జిల్లా మహాసభల కోసం నలుగురం సంతలో డబ్బాలు పట్టుకుని చందాలు అడుగుతుంటే అవతలి పార్టీవాళ్లు ఆరేడుగురు వచ్చి కొట్టారు. మావాడొకడి చెయ్యి వాచిపోయింది. ఒక డబ్బా, రసీదు పుస్తకం పట్టుకుపోయారు. స్టేషన్‌కు వెళితే ఎస్‌ఐ ‘పర్మిషన్ లేకుండా వసూళ్లేంటి? ఇది పార్టీల గొడవ. రాజీ పడండి, లేదంటే రెండు వైపులా కేసు కడతా’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు పర్మిషన్ సంగతి. పార్టీలు జనం దగ్గర స్వచ్ఛందంగా విరాళాలు తీసుకోవచ్చని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29బి సెక్షనే చెబుతోంది. మీ ఊళ్లో ‘30 పోలీస్ యాక్ట్’ అమల్లో ఉన్నా అది సభలకూ ఊరేగింపులకూ సంబంధించింది. నలుగురు డబ్బాలు పట్టుకుని తిరగడం ఊరేగింపు అవుతుందా అన్నదే అనుమానం. అయిందనే అనుకుందాం. 1861 నాటి ఆ చట్టం కింద పడే జరిమానా 200 రూపాయలకు మించదు. మిమ్మల్ని కొట్టడానికి ఎవరికీ అది లైసెన్సు కాదు, ఎస్‌ఐ గారు కేసు కట్టకపోవడానికి కారణమూ కాదు.

అసలు కిటుకు మీరిచ్చే ఫిర్యాదులో ఉంది. ఇలాంటి కేసుల్లో చాలామంది రెండు పేజీలు రాజకీయాలు రాసి, డబ్బా పోయిన సంగతి చివర ఒక ముక్కలో తేల్చేస్తారు. అప్పుడు స్టేషన్‌లో దాన్ని మామూలు కొట్లాటగా, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 115(2) కింద చూస్తారు. అది నాన్-కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం. జీడీలో (స్టేషన్ జనరల్ డైరీ) ఒక ఎంట్రీ వేసి, మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమంటారు. డబ్బా లాక్కోవడానికే కొట్టి ఉంటే మాత్రం అది దోపిడీ, సెక్షన్ 309(6). లాక్కున్నవాళ్లు ఐదుగురో అంతకు మించో ఉంటే బందిపోటు దోపిడీ, సెక్షన్ 310(2). రెండింటికీ యావజ్జీవం దాకా శిక్ష ఉంది. కొట్టకుండా లాక్కుపోతే 304, అంటే స్నాచింగ్, మూడేళ్ల వరకు.

ఈ తేడా ఎందుకంటే, మూడేళ్లు గానీ అంతకు మించి గానీ, ఏడేళ్లకు తక్కువగా శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు పోలీసులకు నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(3) ఇచ్చింది. సరిగ్గా మూడేళ్ల శిక్ష ఉన్న నేరాలు కూడా అందులోకే వస్తాయి కాబట్టి స్నాచింగ్‌కు అది వర్తిస్తుంది. దోపిడీకి వర్తించదు. సమాచారం అందగానే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే. లలితాకుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే.

అలాగని లేనిది కల్పించి రాయొద్దు. రాజకీయ కక్షతో కొట్టారు, డబ్బా మాట తర్వాత వచ్చింది అన్నదే నిజమైతే అలాగే రాయండి. అప్పుడు దోపిడీ నిలవకపోవచ్చు గానీ దొంగతనం, ఐదుగురు గానీ అంతకు మించి గానీ గుమిగూడి చేసిన దౌర్జన్యం (న్యాయ సంహిత 189, 191) మిగిలే ఉంటాయి. ఎవరు ఏ చేత్తో లాక్కున్నారు, డబ్బాలో సుమారు ఎంత ఉంది, ఏ దుకాణం ముందు జరిగింది? ఇవి రాస్తే చాలు. సంతలో లేని వాళ్ల నాయకుడి పేరు ఇరికిస్తే మీ కేసే పలచబడుతుంది.

చెయ్యి వాచిన కుర్రాణ్ని ఈరోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం గాయాల నమోదు) చేయించండి, ఎక్స్‌రే తప్పకుండా తీయించండి. ఎముక విరిగిందని తేలితే అది తీవ్ర గాయం, న్యాయ సంహిత సెక్షన్ 117(2), ఏడేళ్ల వరకు శిక్ష. దుకాణాల సీసీ కెమెరాల్లో దృశ్యాలు కొద్దిరోజులకే చెరిగిపోతాయి. వాటిని భద్రపరచమని రాతపూర్వకంగా స్టేషన్‌కూ దుకాణదారులకూ ఇవ్వండి. మహాసభల పనుల్లో పడి ఇది మరిచిపోతే తర్వాత ఎంత పెద్ద లాయరూ ఏమీ చేయలేడు.

అయినా ఎస్‌ఐ కదలకపోతే ఫిర్యాదును ఎస్పీకి (కమిషనరేట్ అయితే కమిషనర్‌కు) రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా ఫలితం లేకపోతే నాగరిక్ సురక్షా సంహిత 175(3) కింద మేజిస్ట్రేట్ కోర్టులో అఫిడవిట్‌తో పిటిషన్ వేయాలి. ఎస్పీకి పంపిన రుజువు లేకుండా వెళితే అక్కడే వెనక్కి పంపుతారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా పొందడం మీ హక్కు, అడిగి తీసుకోండి.

ఇక కౌంటర్ కేసు బెదిరింపు. అవతలివాళ్లు ఫిర్యాదు ఇస్తే పోలీసులు తీసుకోవాలి, దాన్ని ఆపలేరు. మీవాళ్లు డబ్బా కాపాడుకోవడానికి తోసినా, చెయ్యి అడ్డం పెట్టినా ఆత్మరక్షణ హక్కు ఉంది (న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లు), అది ఆస్తికీ వర్తిస్తుంది. రెండు కేసులూ ఒకే కోర్టు ఒకదాని వెంట ఒకటి వినాలని నాథిలాల్ కేసులో 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కౌంటర్ కేసుకు భయపడి పెద్దమనుషుల మాట మీద సంతకం పెట్టకండి. బైండోవర్ చేసి (గొడవ పడబోమని పూచీకత్తు రాయించుకోవడానికి) రెండు వైపులవాళ్లనూ తహసీల్దార్ ముందు నిలబెడితే ఎఫ్‌ఐఆర్, ఎంఎల్‌సీ కాపీలు అక్కడ చూపించండి. కౌంటర్ కేసులో విచారణకు రమ్మని మీకు నాగరిక్ సురక్షా సంహిత 35(3) నోటీసు (పాత సీఆర్‌పీసీ 41ఏ) వస్తే చెప్పిన రోజున వెళ్లి హాజరు వేయించుకోండి. వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు.